చెల్లి కింద వత్తు

టేబుల్ అనేది తినడానికి చేయించుకున్నాం అంటున్నారు అత్తయ్య, ఇది నాలుగోసారి, మొదటిసారి నాతో అన్నారు, రెండోసారి గరిటెతో అన్నారు, మూడోసారి గోడతో అన్నారు, ఇప్పుడు మాటతో పాటు ఐదు ప్లేట్లూ తెచ్చి నా మోచేతి పక్కన దబ్బున పెట్టారు, ఆ ల్యాప్‌టాప్ తీస్తావా దాని మీదే వడ్డించమంటావా, ఐదు నిమిషాలు అత్తయ్యా అన్నాను, నీ ఐదు నిమిషాల పొడుగు నాకు తెలీదా తల్లీ, వండింది చల్లారి గడ్డకట్టి మళ్ళీ పొయ్యెక్కుతుంది అన్నారు, ఈయన పేపరు వెనకాల నుంచి చిన్నగా నవ్వారు, పేపరు మాత్రం దించలేదు, పొద్దున్నుంచీ దించలేదు, ఒకే పేజీ, ఆ పేజీలో ఏముందో అడిగితే చెప్పలేరు, నేనూ అంతే, పని చేస్తున్నానని అత్తయ్య అనుకుంటున్నారు గానీ ఈ ఆదివారం నేను ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు, తెర మీద ఉన్నది మా మరిది రాసి పంపిన ఉత్తరం, పదకొండు వాక్యాలు, చదివిందే చదువుతున్నాను, మా సంస్థలోని డిజైనర్ అజాగ్రత్త వల్ల జరిగిన ఈ పొరపాటుకు మేము ఎంతో చింతిస్తున్నాము, చింతించేది మేము, అజాగ్రత్త మాత్రం ఆవిడది, ఎంత పొందిగ్గా పంచాడో, కింద చుక్కల గీత, గీత కింద డిజైనర్ సంతకం, ఆ డిజైనర్ని నేనే, మా ప్రెస్సులో నేను తప్ప ఇంకో డిజైనర్ లేరు, రెండు గంటలకల్లా సంతకం చేసి పంపితే మా కార్డులు అమ్మే ఆ పద్నాలుగు షాపుల కంపెనీ మమ్మల్ని క్షమించి వచ్చే ఏడాది పని కూడా మాకే ఇస్తుందట, ఇప్పుడు పన్నెండూ నలభై, అంటే గంటా ఇరవై నిమిషాల్లో నేను చెయ్యని పని చేశానని ఒప్పుకోవాలి, మధ్యలో భోజనం కూడా కానివ్వాలి.

చెలి, ఆ ఒక్క మాట లేకపోతే ఇంత దూరం వచ్చేది కాదు, మిగతావి చూసి అచ్చుతప్పు అనుకుని వదిలేసేవారు, ఎవరో ఒకాయన తన చెల్లెలి పుట్టినరోజుకి ఆ షాపులో మా కార్డు కొన్నాడు, పైన చిన్న అక్షరాల్లో నా బంగారు, కింద కార్డంతా నిండిపోయేలా చెల్లి, అంటే మేం రాయాలనుకున్నది చెల్లి, లి కింద వేలాడాల్సిన వత్తు కటింగ్ మిషను కత్తికి పోయి, నా బంగారు చెలి అయి కూర్చుంది, ఆయన చూసుకోలేదు పాపం, ఇట్లు అని తన పేరు నిండుగా రాసి పంపాడు, కవరు విప్పింది చెల్లెలి మొగుడు, ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలీదు గానీ కార్డు ఫోటో మాత్రం ఫోన్ల మీద ఫోన్లు దాటి మా అమ్మాయి కాలేజీ దాకా వచ్చింది, అమ్మా ఇది మన కార్డే కదూ అని పళ్ళకి కట్టిన తీగలన్నీ కనపడేలా నవ్వుతూ తెచ్చి చూపించింది, నా మొహం చూసి నవ్వు ఆపేసింది, నేను మాత్రం అప్పుడు నవ్వాను, నిజంగానే నవ్వొచ్చింది, ఇంత పెద్ద మాటని ఇంత చిన్న ముక్క మోస్తోందా అని, దాన్ని తీసేస్తే తోబుట్టువు కాస్తా ప్రియురాలై పోతుందా అని, నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకున్నాక గుర్తొచ్చింది, ఇది నా ప్రోగ్రాంలోంచి రావడానికి వీల్లేదు, ఇలాంటిది రాకూడదనే కదా దాన్ని అంత కష్టపడి రాసింది.

వరసల కార్డులు అన్న ఆలోచనే నాది, అమ్మ నుంచి తోడల్లుడి దాకా ముప్పై ఎనిమిది వరసలు, ఒక్కో వరసకి కార్డు, మగ్గు, దిండు గలీబు, ఇదివరకైతే ఇవన్నీ ఒక్కొక్కటీ తెర మీద పెట్టి మౌసుతో లాగి, జరిపి, పెంచి, తగ్గించి, మెడ పట్టేసి, ఆఖర్న ఎవరో వచ్చి రంగు మార్చండి అంటే మళ్ళీ మొదట్నుంచీ అన్నీ తెరిచేదాన్ని, నలభై మూడో ఏట ఈ చాకిరీ నావల్ల కాదనుకుని కోడ్ నేర్చుకున్నాను, మా అమ్మాయి స్కూలు పుస్తకం ముందేసుకుని, కుక్కరు ఈలలు లెక్కపెడుతూ, లూపు అంటే ఏమిటో అర్థమైన రోజున, అంటే చెప్పిన పనిని పట్టికలో ఉన్న అందరికీ అలుపు లేకుండా చేసుకుంటూ పోవడమని తెలిసిన రోజున, ఓసి ఇంతేనా, ఇది నేను ఇరవై ఏళ్ళ నుంచీ చేస్తున్నదే కదా అనుకున్నాను, ఈయన మా ఆవిడ రామాయణం కాకుండా ఇంకేదో పారాయణం మొదలుపెట్టింది అని అందరికీ చెప్పుకుని నవ్వేవారు, నవ్వనివ్వండి, ఇప్పుడు మాటల పట్టిక ఒకటి ఇస్తే ప్రోగ్రామే అక్షరం కొలుస్తుంది, కార్డు మీద కూర్చోబెడుతుంది, కోసినప్పుడు తెల్ల అంచు మిగలకుండా రంగుని కటింగ్ గీత దాటి మూడు మిల్లీమీటర్లు బయటికి పోస్తుంది, అచ్చుకెళ్ళే ఫైలు చేసి ఇస్తుంది, కొలవడం దగ్గరే ఆరు వారాలు పట్టింది నాకు, అందరూ వాడే రెడీమేడ్ కొలతలో అక్షరం కిందకి ఎంత దిగుతుందో ఒక లెక్క ఉంది, ఆ లెక్క వేసినవాళ్ళకి తెలిసిన కిందకి దిగడమల్లా ఇంగ్లీషు జీ తోక, వై తోక, అంతే, మన మాటకి కింద ఇంకో అంతస్తు ఉంటుందని వాళ్ళకేం తెలుసు, అందుకని నేను ప్రతి మాటనీ ముందు ఒక ఖాళీ పలక మీద గీయించి, అన్నిటికన్నా అడుగున ఉన్న నల్లచుక్క ఎక్కడుందో వెతికించి, ఆ చుక్క కత్తికి నాలుగు మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చిందంటే అక్కడికక్కడే పని ఆపేసేలా మూడు లైన్లు రాశాను, ఆగినప్పుడు తెర మీద తెలుగులోనే చెబుతుంది, వత్తు తెగుతోంది, ఆగాను, అని, దీనికీ నీ బుద్ధే వచ్చింది అని ఈయన అన్నారు అది మొదటిసారి చూసినప్పుడు, మెచ్చుకోలే అనుకున్నాను.

ఈ కార్డులు అచ్చుకెళ్ళిన బుధవారం మధ్యాహ్నం ఆ మూడు లైన్లూ లేవు, ఉన్నాయి గానీ వాటి ముందు ఎవరో చిన్న గుర్తు పెట్టారు, ఆ గుర్తు పెడితే మిషను ఆ లైనుని చదవకుండా దాటిపోతుంది, మనుషులు మనుషుల్ని దాటిపోయినట్టే, నేను మా అమ్మాయి పళ్ళ తీగలు బిగించడానికి డాక్టరు దగ్గర కూర్చుని ఉన్నాను, ఫోను సంచి అడుగున ఉంది, కంపెనీ ఆవిడ ఫోన్ చేసి అక్షరాలు ఇంకా పెద్దవి కావాలి, అన్ని కార్డుల మీదా ఒకే సైజు ఉండాలి అందట, మా మరిది సరే మేడం అన్నాడట, వాడికి సరే మేడం తప్ప ఇంకో మాట రాదు, నేను ఇంట్లో టేబుల్ మీద వదిలేసి వెళ్ళిన ల్యాప్‌టాప్‌లో సైజు అంకె పెంచి నడిపిస్తే ముప్పై ఎనిమిదింట్లో ఇరవై రెండు చోట్ల ఆగిపోయింది, వత్తు తెగుతోంది, ఆగాను, వత్తు తెగుతోంది, ఆగాను, నాలుగింటికి లారీ, అప్పుడు నా కుర్చీలో కూర్చుని ఆ గుర్తులు పెట్టింది మా మరిది కాదు, వాడికి అంత రాదు, ఆ మూడు లైన్లు ఎక్కడున్నాయో తెలిసినవాళ్ళు ఈ ఇంట్లో నేను కాకుండా ఒక్కరే, నేనే చూపించాను ఈయనకి, ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, ఇదిగో ఇదీ మన కాపలా అని మురిసిపోతూ, ఒకసారి ఫోన్ చేశాను నువ్వు ఎత్తలేదు అన్నారు తర్వాత, ఒకసారే.

మా అమ్మాయి ఆ ఫోటో చూపించిన మర్నాడు ప్రెస్సుకి వెళ్ళినప్పుడు కటింగ్ మాస్టారు నన్ను చూసి తల గోక్కున్నాడు, అమ్మా నేను అచ్చైంది కోసేవాణ్ణే గానీ చదివేవాణ్ణి కాదు అన్నాడు, నేను అడక్కముందే, మిషను కింద పారెయ్యకుండా ఉంచిన కాగితం ముక్కల బుట్ట చూపించాడు, వంగి చూస్తే సన్నటి పేలికలు, పేలిక పొడుగునా వరసగా వత్తులు, మవత్తులు, కవత్తులు, నవత్తులు, లవత్తులు, పైన అక్షరం లేకుండా, దేన్ని పట్టుకుని ఉన్నాయో తెలీకుండా, ఒక పేలిక తీసి వేలికి చుట్టుకుంటే ముద్దొచ్చాయి కూడా, లారీ వెళ్ళి అప్పటికే చాలా రోజులైంది, నేను ఇంటికొచ్చి ప్రోగ్రాంలో ఎప్పుడేం మారిందో రాసుకునే రికార్డు తెరిచాను, ఏ మార్పు ఎవరు చేశారో పేరూ టైమూ పక్కనే ఉంటాయి, బుధవారం, మధ్యాహ్నం రెండూ పది, తనిఖీ నిలిపివేయబడింది, చేసినవారు, నేను, అవును మరి, నా ల్యాప్‌టాప్ కదా, నా పేరుతోనే తెరిచి ఉంటుంది కదా, పప్పులడబ్బాలా ఎవరు మూత తీసినా అది నాదే, రెండూ పదికి నేను మా అమ్మాయి చెయ్యి పట్టుకుని డాక్టరు కుర్చీ పక్కన నిలబడి ఉన్నాను, ఆ రికార్డు ముందు ఎంత సేపు కూర్చున్నానో, నా పేరు నాకే పరాయిదానిలా కనిపించింది.

ల్యాప్‌టాప్ మూసి కిటికీ గట్టు మీద పెట్టాను, వడ్డించండి అత్తయ్యా, హమ్మయ్య దిగొచ్చావు అన్నారు, మరిది సరిగ్గా వడ్డించే వేళకి వచ్చాడు, ఎప్పుడూ అంతే, పక్క వీధిలో ఉంటాడు గానీ వాసన పట్టేస్తాడు, వదినా ఉత్తరం చూశారా, చూశాను, సంతకం పెట్టేశారా, తిననివ్వరా ముందు అని అత్తయ్య వాడి ప్లేటు నింపారు, వదినా ఇందులో పెద్దగా ఏం లేదు, ఒక్క మాట సారీ అంటే మన సొమ్మేం పోతుంది అన్నాడు, మన అంటాడు చూడండి, సారీ నాది, సొమ్ము మనది, ఈయన అప్పటికి పేపరు మడిచారు, మడత మీద మడత పెట్టి అరచేతంత చేశారు, నీ మంచికే చెబుతున్నాను, డిజైనర్ తప్పు అంటే ఒక మనిషి చేసిన తప్పు, ఎవరైనా క్షమిస్తారు, తనిఖీ తీసేసి పంపాం అని మేం అన్నామనుకో, అది ప్రెస్సు తప్పవుతుంది, ఇంక జన్మలో పని ఇవ్వరు, నాకు అర్థమైంది, ఆ లెక్కలో పొరపాటు కూడా లేదు, మనిషి తప్పు చిన్నది, ప్రెస్సు తప్పు పెద్దది, కాబట్టి ఒక మనిషి కావాలి, ఇంట్లోనే ఒక మనిషి ఉంది, నేను చేశానా అని అడిగాను, కూర కలుపుకుంటూ, మామూలుగా, ఈయన నీళ్ళు తాగారు, మరిది, ఎవరు చేశారన్నది ఇప్పుడు ముఖ్యం కాదు వదినా అన్నాడు, ముఖ్యం కాకపోతే నా సంతకం ఎందుకు నాయనా, నీది పెట్టు, నాదెందుకు నేను డిజైనర్ని కాదుగా, అదిగో అదే నేనూ చెబుతున్నా, చేసింది నేను కాదుగా.

అసలు ఇంత గొడవ ఏం కొంపలంటుకున్నాయని అన్నారు అత్తయ్య, చెలి అంటే తప్పేముంది, మా రోజుల్లో స్నేహితురాళ్ళని చెలీ చెలీ అనే పిలుచుకునేవాళ్ళం, నానమ్మా నిన్ను మీ అన్నయ్య చెలీ అని పిలిచాడా అంది మా అమ్మాయి, ఛీ నోర్ముయ్ అన్నారు అత్తయ్య, మరిదికి పొలమారింది, మా అమ్మాయి ఫోనులో మిగతా కార్డుల ఫోటోలు పెట్టి చూపించడం మొదలెట్టింది, ఇదిగో నాన, ఇదిగో అక, ఇది చూడు తముడు, ముక్కు పట్టేసినట్టు లేదూ, అత్తయ్య కళ్ళజోడు పైకి తోసుకుని, ఇదేమిటిది అత అని ఉంది, అంటే అత్తేనా, నన్ను కూడా కోసేశారూ, అత్తకి వత్తు తీసేస్తే ఇంక మిగిలేదేముందిరా అని ఇద్దరు కొడుకులనీ చూశారు, ఎంత కోపంలో ఉన్నా నాకు నవ్వాగలేదు, ఈయనకీ ఆగలేదు, ఒక్క క్షణం అందరం నవ్వాం, ఆ నవ్వులో మరిది గబుక్కున దూరిపోయాడు, చూశారా వదినా ఇంతే, నవ్వుకుని వదిలేసే విషయం, గోడౌన్లో ఇంకా రెండు వందల కార్డులున్నాయి, వాటికో ఉపాయం ఆలోచించాను, మార్కరు పెన్నులు తెప్పించాను, మనందరం కూర్చుని చేత్తో వత్తులు పెట్టేద్దాం, అమ్మ దస్తూరీ గుండ్రంగా బాగుంటుంది, వత్తు పెట్టడానికి కింద కాయితం ఎక్కడుందిరా కోసిపారేశారుగా అన్నారు అత్తయ్య, పక్కన పెట్టొచ్చమ్మా, లేదా అక్షరం పొట్టలో చిన్నగా, పొట్టలో వత్తేమిట్రా, నెలలు నిండాయా దానికి, మా అమ్మాయి ప్లేటు మీదకి వంగిపోయి నవ్వుతోంది, నేను నవ్వడం లేదు, చేత్తో పెట్టేద్దాం అన్న దగ్గరే ఆగిపోయాను, వత్తు తెగుతోంది, ఆగాను, చేత్తో, అంతే కదా, ఈ ఇంట్లో అన్నీ చేత్తోనే కదా.

కోడ్ నేర్చుకున్న కొత్తలో నేనూ అదే పని చేశాను, ప్రోగ్రాం ఫైలు చేసి ఇచ్చేది, అందులో ఎక్కడో పిన్ని కొంచెం పక్కకి ఉండేది, పోన్లే ఒక్కటే కదా అని ఆ ఫైలు తెరిచి మౌసుతో సర్దేసేదాన్ని, బాగుండేది, మర్నాడు మళ్ళీ ప్రోగ్రాం నడిపితే నా సర్దుబాటు తుడిచిపెట్టుకుపోయి పిన్ని మళ్ళీ పక్కకే, మళ్ళీ సర్దేదాన్ని, మళ్ళీ పోయేది, ఇలా పదిహేను రోజులు చేశాక ఒకనాడు ఏడుపొచ్చింది, అచ్చయ్యేదాన్ని ఎంత దిద్దినా అది ఆ పూటకే, దాన్ని పుట్టించే లైను మారకపోతే రేపు పొద్దున్న అదే వంకర పుడుతుంది, అని అప్పుడు తెలిసింది, కోడ్ సంగతిలో తెలిసింది గానీ ఇంటి సంగతిలో తెలిసిందా, అత్తయ్య వంటింట్లో మరిది మీద విసుక్కుని ఆ వెధవకి తిన్న కంచం కూడా తియ్యడం రాదు అంటే, నేను హాల్లోకి వచ్చేసరికి అది అత్తయ్యకి నడుం నొప్పిగా ఉంది బాబూ అయిపోతుంది, మరిది ఇస్తానన్న రోజుకి సరుకు ఇవ్వకపోతే ఫోన్లో నా నోట్లోంచి కాగితం రాలేదండీ అని వస్తుంది, ఈయన అమ్మాయి స్కూలు వార్షికోత్సవం మర్చిపోతే నాన్న బయల్దేరారు తల్లీ మిషను పాడైతే ఆగిపోయారు అని నేను చెబుతాను, ఆ మిషను అలా ఎన్నిసార్లు పాడైందో, నిజంగా పాడై ఉంటే ఈపాటికి తుక్కు కింద అమ్మేసేవాళ్ళం, మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడే అడిగింది, అమ్మా ఎప్పుడూ మిషనే ఎందుకు పాడవుతుంది, నాన్న ఎందుకు పాడవరు అని, తప్పు అలా అనకూడదు అన్నాను, అప్పుడూ చేత్తో సర్దాను, ఇరవై రెండేళ్ళుగా అందరి మాటల కిందా మార్కరుతో వత్తులు పెడుతూనే ఉన్నాను, ఒక్కొక్కళ్ళూ నా దస్తూరీలో ఎంత మంచివాళ్ళుగా ఉన్నారో, మర్నాడు పొద్దున్నే ఎవరి వంకర వాళ్ళకి మళ్ళీ కొత్తగా పుడుతోంది, మరి ఈ ఉత్తరం, ఇది కూడా సర్దేస్తే, వచ్చే ఏడాది ఇంకో లారీ వస్తుంది, ఇంకో బుధవారం వస్తుంది, ఆ కుర్చీలో ఇంకోసారి కూర్చుంటారు, రికార్డులో మళ్ళీ నా పేరే ఉంటుంది, అప్పుడు మళ్ళీ సారీ, ఈసారి కోపం రాదేమో కూడా, అలవాటైపోతుంది, అదీ భయం.

అమ్మా, ఆ రోజు డాక్టరు చీటీ మీద టైము ఉంది తెలుసా అంది మా అమ్మాయి, గొంతు తగ్గించి, అందరికీ వినపడేట్టే, రెండింటికి లోపలికి వెళ్ళాం, మూడుంబావుకి బయటికొచ్చాం, నా పళ్ళే సాక్ష్యం, కావాలంటే చూడు, అని తీగలు చూపించింది వాళ్ళ నాన్నకి, ఆయన చూడలేదు, ప్లేటులో గీతలు గీస్తున్నారు, ఆ గీతలు చూస్తుంటే జాలి వేసింది, వెయ్యకూడదని ఏముంది, చెడ్డవాడు కాదు, నాలుగింటికి లారీ అంటే భయపడే మనిషి, తమ్ముడు అరిస్తే భయపడే మనిషి, నాకు మాత్రం భయపడరు, ఎందుకు భయపడాలి, నేను సర్దేస్తానుగా, ఆయన అలా అనుకోవడంలో ఆయన తప్పెంతో నా సర్దుబాటు తప్పూ అంతే, అదేనే తల్లీ అనుకున్నాను నాలో నేను, నువ్వు రాసుకున్న లైను, నువ్వే రాశావు, ఎవరేం చేసినా నా పేరున వేసుకోండి అని, దాన్ని ఎవరు దిద్దుతారు, వాళ్ళా, వాళ్ళకేం అవసరం, వాళ్ళకి బాగానే పనిచేస్తోంది, వదినా ఒంటిగంటా ఇరవై అయింది అంటున్నాడు మరిది, పోనీ సంతకం వద్దు, మీ బదులు నేనే మీ పేరు టైపు చేసి పంపేస్తాను, మీరు ఊ అనండి చాలు, ఊ అనడం ఎంత సులువు, ఈ ఇంట్లో నేను అన్న మాటలన్నీ పోగేస్తే సగానికి సగం ఊ లే ఉంటాయి, నోరు కూడా తెరవక్కర్లేదు దానికి, అనను, ఈ ఒక్కసారికి కాదు, ఇంక అనను, ఆ కంపెనీ పని పోతే పోనీ, మూడు మిషన్లున్నాయి, నాకు రెండు చేతులున్నాయి, ముప్పై ఎనిమిది వరసలు కొనేవాళ్ళు ఆ పద్నాలుగు షాపుల్లోనే పుట్టలేదు, పోకపోతే మరీ మంచిది, ఎవరి దగ్గర ఏం కొంటున్నారో తెలిసే కొంటారు.

చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాను, లేచి నిలబడి చెప్పేంత పెద్ద మాటేం కాదు, అత్తయ్య ఖాళీ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతున్నారు, ఒక్క నిమిషం అత్తయ్యా మీరూ వినండి అన్నాను, ఆవిడ గిన్నెతోనే ఆగారు, నేను ఆ ఉత్తరం మీద సంతకం పెట్టను, నా పేరు ఎవరూ టైపు చెయ్యరు, ఉత్తరం నేను రాస్తాను, నాలుగే వాక్యాలు, మా ప్రోగ్రాంలో తనిఖీ ఉంది, తొందరలో మేమే దాన్ని ఆపేశాం, ఆపకుండా ఉండాల్సింది, కార్డులన్నీ కొత్తవి వేసి ఇస్తాం, మేమే అని రాస్తాను, ఎవరి పేరూ విడిగా రాయను, కింద మాత్రం ముగ్గురి సంతకాలూ ఉంటాయి, మీ అన్నదమ్ములిద్దరివీ, నాదీ, రెండింటికి అవి మూడూ లేకపోతే ఉత్తరం వెళ్ళదు, వదినా వాళ్ళు పని ఆపేస్తే, ఆపేస్తే ఆపేశారు అన్నాను, రేపట్నుంచి ప్రోగ్రాంలోకి ఎవరి పేరుతో వాళ్ళే వెళ్ళాలి, మీకొకటి, నీకొకటి, ఎవరేం మార్చినా వాళ్ళ పేరు మీదే పడుతుంది, ఆ తనిఖీ తీసే వీలు ఎవరికీ ఉండదు, నాకు కూడా ఉండకుండా చేస్తాను, ఈయన తలెత్తి నన్ను చూశారు, చాలా రోజుల తర్వాత పూర్తిగా చూశారు, ఏదో అనబోయి అమ్మాయి వైపు చూసి, పెన్నెక్కడుందే అన్నారు, దానితోనే అన్నారు గానీ సంతకం పెడతారని నాకు అర్థమైంది, మరిది మాత్రం మళ్ళీ టైము చూసుకున్నాడు, అంతేనా ఇంకా ఏమైనా ఉందా అని అడిగారు అత్తయ్య, వెక్కిరింపో కుతూహలమో తెలీలేదు, ఇంట్లో కూడా అంతే అత్తయ్యా, ఎవరు చేసింది వాళ్ళ పేరు మీదే, అన్నాను.